చిన్న యాక్సిడెంట్... చెప్పాలా, దాచాలా?



పోయిన రంజాన్‌లో జరిగిన సంగతి. ఇఫ్తార్‌కు ఇంకో ఇరవై నిమిషాలుంది. గుంటూరు ఆనందపేటలో మా ఖాలా ఇంటికి సామాను దించి, గల్లీలోంచి కారు వెనక్కి తీస్తున్నాను. అజాన్ టైముకి ఇల్లు చేరాలన్న తొందర. అద్దంలో ఒకసారి చూశాను, రెండోసారి చూడలేదు. ధబ్‌మని శబ్దం. దిగి చూస్తే ఖర్జూరాలు, అరటిపండ్లు అమ్మే ఒక చాచా తోపుడు బండి పక్కకి ఒరిగి ఉంది. ఒక చక్రం వంకరపోయింది. చాచా మోకాలు పట్టుకుని కింద కూర్చున్నాడు. నా కారు వెనక బంపర్ పగిలింది.

ఐదు నిమిషాల్లో మొహల్లా అంతా గుమిగూడింది. అందరికీ రోజా విప్పే తొందరే. ఎవరో చాచాకి నీళ్లు పట్టుకొచ్చారు, ఇంకెవరో పండ్లు ఏరారు. నేను జేబులో ఉన్న వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి "మాఫ్ కరో చాచా" అన్నాను. ఆయన "కోయీ బాత్ నహీ బేటా" అన్నాడు. సుల్హా అయిపోయిందనుకుని అందరం వెళ్లిపోయాం.

ఆ రాత్రి తరావీహ్ తర్వాత నాకు మూడు సలహాలు వచ్చాయి. కారు చూపించిన గ్యారేజీలో మిస్త్రీ "ఇన్సూరెన్స్ ఉంది కదా భాయ్, క్లెయిమ్ పెట్టేద్దాం. ఆ డోరు మీదున్న పాత సొట్ట కూడా ఇందులోనే కలిపేస్తా" అన్నాడు. మా మామూ "కంపెనీకి అసలు చెప్పొద్దు. చెప్పావంటే ప్రీమియం పెంచేస్తారు. ఎవరికీ ఏం చెప్పకు, చుప్‌చాప్ ఉండు" అన్నాడు. మా అమ్మీకి పాలసీ సంగతి తెలీదు. ఆమె అడిగింది ఒక్కటే: "ఆ చాచా ఘుట్నా ఎలా ఉందిరా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రీమియం గురించి మన ఇళ్లలో ఉన్న ఖౌఫ్ అంతా తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. భయపడాల్సిన అవసరం లేని చోట భయపడి నిజం దాస్తాం. భయపడాల్సిన చోట ధైర్యంగా ఝూట్ చెప్తాం. ఇది ఎలాగో తెలియాలంటే ముందు పాలసీ కాగితం కొంచెం అర్థం చేసుకోవాలి. మనం ఏటా డబ్బు కడతాం గానీ, ఆ కాగితం చదివే ఇల్లు పదింటిలో ఒకటి ఉంటే గొప్ప.

కారు పాలసీలో రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. అంటే మన కారు వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా, వాళ్ల ఆస్తికి నుక్సాన్ జరిగినా ఇచ్చే పరిహారం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. రెండోది ఓన్ డ్యామేజ్. అంటే మన సొంత కారుకి జరిగిన నష్టం. ఇది మన ఇష్టం మీద తీసుకునేది.

ఈ రెండు భాగాల ప్రీమియం ఒకే రకంగా లెక్కకట్టరు. అసలు కీలకం ఇక్కడే ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం ఎంతో కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో 1000 నుంచి 1500 సీసీ మధ్య ఉన్న సొంత కారుకి ఏడాదికి 3,416 రూపాయలు. ఇరవై ఏళ్లు చీమకి కూడా హాని చేయకుండా నడిపినవాడికీ అంతే, నిరుడు ఎవరినో గుద్దినవాడికీ అంతే. మన ఖాతా చూసి కంపెనీ అందులో ఒక్క రూపాయి పెంచదు, తగ్గించదు.

పెరిగేది ఓన్ డ్యామేజ్ భాగం. నిజానికి అదీ పెరగడం కాదు, దొరికే తగ్గింపు పోవడం. దీన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే తర్వాతి ఏడు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. వరసగా రెండేళ్లు లేకపోతే 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, ఐదేళ్లకి 50 శాతం. అక్కడితో ఆగుతుంది. మధ్యలో ఒక్క క్లెయిమ్ పెట్టినా, అది రెండు వేలదైనా రెండు లక్షలదైనా, మళ్లీ సున్నా. వైకుంఠపాళీలో పాము మింగినట్టు కిందికి జారి మొదటి గడిలోంచి మొదలుపెట్టాలి.

లెక్క సులువుగా ఉండాలని ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గింపు లేకుండా 10,000 అనుకుందాం. ఐదేళ్లు క్లెయిమ్ లేనివాడు అందులో సగం, 5,000 కడతాడు. ఈ ఏడు అతను ఒక క్లెయిమ్ పెడితే వచ్చే ఏడు 10,000 కట్టాలి. ఆ పై ఏడు 8,000, తర్వాత 7,500, 6,500, 5,500. ఆ తర్వాతే మళ్లీ 5,000కి వస్తాడు. ప్రతి ఏడూ ఎక్కువ కట్టింది కలిపితే 12,500 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 14,750. కారు విలువ ఏటేటా తగ్గుతుంది కనుక ప్రీమియమూ తగ్గుతుంది, అసలు నుక్సాన్ దీనికంటే కొంత తక్కువే ఉంటుంది. కానీ దారి ఇదే.

ఇక చేతికి వచ్చేదెంత? నా బంపర్‌దే చూడండి. కొత్త బంపర్ 5,000, రంగుకి 3,000, కూలి 1,000, మొత్తం 9,000 అన్నాడు మిస్త్రీ. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామానుకి సగం విలువే ఇస్తారు. అంటే బంపర్‌లో 2,500 పోయింది. రంగు సామానులో కూడా కొంత కోత ఉంటుంది. ఆ పైన 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిమ్‌లో మొదటి 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. 1500 దాటిన కారుకైతే 2,000. అన్నీ పోగా నాకు వచ్చేది ఐదు వేల చిల్లర. ఐదు వేల కోసం పన్నెండు వేలు పోగొట్టుకోవడం ఏ హిసాబ్? జీరో డెప్రిసియేషన్ అనే అదనపు కవర్ ఉంటే ఆ కోతలు తగ్గుతాయి, కానీ బోనస్ మాత్రం ఎటూ పోతుంది. బోనస్ కాపాడే కవర్ కూడా వేరే ఉంది. దానికి మళ్లీ వేరే డబ్బు, ఎన్ని క్లెయిమ్‌లకు వర్తిస్తుందో దానికీ హద్దు ఉంటుంది.

అందుకని చిన్న గీతకీ, పగిలిన బంపర్‌కీ సొంత జేబులోంచి పెట్టుకోవడమే ఫాయిదా. ఇందులో కంపెనీని మోసం చేసిందేమీ లేదు. నా హక్కుని నేను వాడుకోలేదు, అంతే. అలాగని ఎప్పుడూ క్లెయిమ్ పెట్టకూడదని కాదు. కారు ముందుభాగం నుజ్జై యాభై వేల బిల్లు వస్తే సంకోచం లేకుండా పెట్టండి, ప్రీమియం కట్టింది అందుకే. కొత్తగా కారు కొని ఒక్క ఏడాదే గడిచినవాడికి బోనస్ ఇంకా 20 శాతమే కాబట్టి, అతనికి పోయేది అదే లెక్కలో అన్ని ఏళ్లూ కలిపినా నాకంటే తక్కువే. అతని హిసాబ్ వేరు, నాది వేరు. గ్యారేజీవాడు చెప్పాడనో, మామూ చెప్పాడనో కాకుండా, కాగితం పెన్ను తీసుకుని ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి.

ఇంతవరకూ డబ్బు మాట. ఇక అసలు మాట.

మామూ "కంపెనీకి చెప్పొద్దు" అన్నప్పుడు ఆయన రెండు వేర్వేరు విషయాల్ని కలిపేశాడు. నా బంపర్‌కి డబ్బులు అడగడం ఒకటి. నా వల్ల ఒక మనిషికి దెబ్బ తగిలిందని చెప్పడం ఇంకొకటి. మొదటిది నా ఇష్టం. రెండోది నా ఇష్టం కాదు. చట్టంలో 134వ సెక్షన్ డ్రైవరు మీద మూడు జిమ్మేదారీలు పెట్టింది. దెబ్బ తగిలినవాణ్ణి దగ్గర్లోని డాక్టరుకి లేదా ఆసుపత్రికి చేర్చాలి. పోలీసులు అక్కడ లేకపోతే దగ్గర్లోని స్టేషన్లో వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా పాలసీ నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, టైము, చోటు, దెబ్బ తగిలినవాళ్ల వివరాలు, నడిపినవాళ్ల పేరు, లైసెన్సు వివరాలు ఇవ్వాలి. నేను ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. వెయ్యి రూపాయలిచ్చి ఇఫ్తార్‌కు వెళ్లిపోయాను.

విచిత్రం ఏమిటంటే, ప్రీమియం పెరుగుతుందని మనం గజగజలాడేది ఇక్కడే. కానీ మనిషికి దెబ్బ తగిలితే పరిహారం వచ్చేది థర్డ్ పార్టీ భాగంలోంచి. దాని ధర మన కోసం మారదని పైనే చెప్పుకున్నాం. అంటే పెరగని ప్రీమియం పెరుగుతుందన్న భయంతో ఒక గరీబు హక్కు మీద మనం మట్టి కప్పుతున్నాం.

నాలుగు రోజుల తర్వాత ఆ గల్లీకి మళ్లీ వెళ్లాను. బండి లేదు. చాచా ఇల్లు వెతుక్కుంటూ పోతే, ఆయన మంచం మీద ఉన్నాడు. మోకాలు వాచిపోయింది. ఆ రాత్రి నొప్పి తెలియలేదట, తెల్లారి సహరీకి లేవబోతే కాలు కదల్లేదట. డాక్టరు రెండు వారాలు నడవొద్దన్నాడు. రంజాన్‌లో ఖర్జూరాలు అమ్ముకునే మనిషికి ఆ రెండు వారాలంటే ఏంటో చెప్పాలా? ఏడాదిలో నాలుగు డబ్బులు కనపడేవి ఆ రోజుల్లోనే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన బీబీ చాయ్ పెట్టబోయి, రోజా ఉన్నానని గుర్తొచ్చి ఆగిపోయింది. నాకు తల ఎత్తి చూసే ధైర్యం లేకపోయింది.

డాక్టరు ఖర్చు, మందులు, బండి చక్రం, రోజుకింతని ఆ రెండు వారాల సంపాదన ఇచ్చాను. కేసు పెట్టుకునే హక్కు ఆయనకుందని, ట్రిబ్యునల్‌లో పరిహారం అడగొచ్చని, దానికి నేను అడ్డుపడనని, నాకు కోపం రాదని కూడా చెప్పాను. ఆయన వద్దన్నాడు. అల్లా దయ, ఎముక విరగలేదు. ఒకవేళ విరిగి ఆపరేషన్ అయ్యుంటే? నా జేబు సరిపోయేదా? అప్పుడు నేను "నాకేం తెలీదు" అంటే? యాక్సిడెంట్ జరిగిందని ఒక్క కాగితం ముక్క లేదు. గవాహులందరూ ఇఫ్తార్‌కు వెళ్లిపోయారు. రోజులు గడిచేకొద్దీ "నిజంగా ఆ కారే గుద్దిందా" అనే అనుమానాలు మొదలవుతాయి. 24 గంటల్లో చెప్పడమనే నియమం దెబ్బ తగిలినవాడి అమానత్. దాన్ని మనం నొక్కి పెడితే ఖియానత్ అవుతుంది. నమాజులు, రోజాలు అల్లాకూ మనకూ మధ్య సంగతి. హుకూకుల్ ఇబాద్ అలా కాదు, ఆ మనిషే మాఫ్ చేయాలి.

ఇంకో మాట. వీధిలో "ఎంతైనా నేనే ఇస్తా, ఏం భయం లేదు" అని నోటికొచ్చిన వాగ్దానం చేసేస్తాం. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాటివ్వడం చేయకూడదని మామూలు కారు పాలసీ షరతుల్లోనే ఉంటుంది. గీతలు పడ్డ స్కూటీకి రెండు వేలిచ్చి మాఫీ అడగడం వేరు. మనిషికి దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఆసుపత్రి ఖర్చు ముందు మనం పెట్టినా, విషయం స్టేషన్‌కీ కంపెనీకీ చేరాల్సిందే.

"పోలీసు స్టేషన్‌కా? మనవాళ్లు అక్కడికి పోయి నిజం చెబితే ఏమవుతుందో నీకు తెలీదా భాయ్?" అని చాలామంది అడుగుతారు. తెలుసు. పేరు చూసి మాట తీరు మారడం నేనూ చూశాను. గుంపు పోగైతే మనకుండే ఖౌఫ్ ఇంకొకరికి ఉండదు. చట్టం కూడా గుంపు కోపం వల్ల సాధ్యం కాకపోతే అక్కడ ఆగి ఆసుపత్రికి చేర్చే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. కానీ ఆగలేకపోయినవాడు నేరుగా స్టేషన్‌కు వెళ్లాలి, ఇంటికి కాదు. ఒంటరిగా వెళ్లొద్దు. తెలిసిన వకీలునో, మొహల్లాలో పెద్దమనిషినో వెంట తీసుకెళ్లండి. రాసిచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. పారిపోయిన ముస్లిం డ్రైవర్ కథ ఎంత దూరం పోతుందో ఆలోచించండి. తనంతట తాను వచ్చి చెప్పినవాడికి ఉండే రక్షణ దాక్కున్నవాడికి ఎప్పుడూ ఉండదు. మన భయం నిజమే, కానీ దాని ధర ఆ చాచా ఎందుకు కట్టాలి?

ఇక భయపడాల్సిన చోట మన ధైర్యం సంగతి. మిస్త్రీ పాత సొట్ట కలిపేస్తానన్నాడే, అది మనకు చాలా మామూలు. లైసెన్సు లేని కుర్రాడు గుద్దితే కాగితం మీద అబ్బా పేరు రాయడం మామూలు. నిరుడు క్లెయిమ్ తీసుకుని, ఈ ఏడు కంపెనీ మార్చి "క్లెయిమ్ లేదు" అని టిక్కు పెట్టి 50 శాతం తగ్గింపు తీసుకోవడం మరీ మామూలు. ఆ టిక్కు ఒక హల్ఫ్‌నామా లాంటిది. కొత్త కంపెనీ పాతదాన్ని అడిగి తెలుసుకోగలదు. అబద్ధమని తేలితే ఓన్ డ్యామేజ్ భాగం మొత్తం చెల్లదు. రెండు మూడు వేలు మిగిల్చుకున్నామని సంబరపడినవాడికి, కారు నిజంగా నుజ్జైన రోజు చేతిలో ఉండేది ఖాళీ కాగితం. లైసెన్సు లేనివాడు నడిపి ఎవరికైనా హాని చేస్తే, బాధితుడికి కంపెనీ చెల్లించినా ఆ డబ్బు తిరిగి బండి యజమాని దగ్గర వసూలు చేయమని కోర్టులు ఆదేశిస్తుంటాయి. ఈద్ రోజున పదహారేళ్ల కొడుకు చేతికి తాళాలిచ్చే అబ్బాలు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. మైనరు నేరం చేస్తే తండ్రికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా అని 2019 సవరణలో చేర్చారు.

దీనికి కొందరు పెద్దలు దీనీ జవాబు చెప్తారు. "అసలు ఇన్సూరెన్సే నాజాయిజ్ కదా, సూద్ ఉంది, గరర్ ఉంది. అలాంటి కంపెనీ దగ్గర నాలుగు రూపాయలు ఎక్కువ లాక్కుంటే ఏమైంది?" అని. కమర్షియల్ ఇన్సూరెన్స్ మీద ఉలమాకు అభ్యంతరాలున్న మాట నిజం. 1985లో జిద్దాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ దాన్ని తప్పుపట్టి, ఒకరికొకరు సాయం చేసుకునే పద్ధతిలో నడిచే బీమాను సమ్మతించింది. తకాఫుల్ అనేది ఆ దారిలోదే. మనకిక్కడ బజార్లో దొరికే కారు పాలసీ తకాఫుల్ కాదు. చట్టం తప్పనిసరి చేసింది కనుక థర్డ్ పార్టీ తీసుకుంటున్నాం. మజ్బూరీ వేరు. ఓన్ డ్యామేజ్ తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇమామ్ సాబ్‌ని అడిగి, మీ దిల్ ఒప్పుకున్న దారిలో నడవండి. కానీ ఒప్పందం మీద ఇష్టం లేకపోవడం ఝూట్ చెప్పడానికి లైసెన్సు ఎప్పుడైంది? ధోకా ఎవరితో చేసినా ధోకానే. కొలతల్లో మోసం చేసేవాళ్ల పేరు మీద ఖురాన్‌లో ఒక సూరానే ఉంది. అంతేకాదు, దొంగ క్లెయిమ్‌ల ఖర్చు కంపెనీ తన జేబులోంచి పెట్టదు. నిజాయితీగా కట్టేవాళ్ల ప్రీమియంలోంచే తీస్తుంది. అందులో మన పక్కింటివాళ్లూ ఉన్నారు.

మన కుటుంబాల్లో జరిగే నుక్సాన్లు ఇంకొన్ని ఉన్నాయి, ఇవి కేవలం తెలియక జరిగేవి. నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మనిషిది. పాత కారు అమ్మేటప్పుడు కంపెనీ దగ్గర కాగితం రాయించుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకి అది వాడుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాడికి పాత యజమాని బోనస్ రాదు. కొన్న 14 రోజుల్లో పాలసీ తన పేరు మీదికి మార్చమని అతను అడగాలి. పాలసీ గడువు దాటాక 90 రోజుల్లోపు కట్టకపోతే అన్నేళ్ల బోనస్ పోతుంది. దుబాయ్ నుంచో కువైట్ నుంచో వచ్చి సెలవుల్లో మాత్రమే కారు తీసే భాయ్‌లు ఇక్కడే దెబ్బతింటారు. అబ్బా ఇంతెకాల్ అయ్యాక కారు ఆయన పేరు మీదే ఏళ్లకేళ్లు తిప్పకండి. కారు బీబీ చేతికో పిల్లల చేతికో వస్తే ఆయన బోనస్ కూడా వాళ్లకు వచ్చే వీలుంది. అది హలాల్‌గా వచ్చే హక్కు, అడిగి తీసుకోండి. కంపెనీ అన్యాయంగా నిరాకరిస్తే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. తెలంగాణ, ఆంధ్ర ఫిర్యాదులు అక్కడికే వెళ్తాయి. ఫీజు లేదు.

నేను బంపర్‌కి క్లెయిమ్ పెట్టలేదు. 9,000 నా జేబులోంచే పోయాయి. డోరు మీద సొట్ట అలాగే ఉంది, బాగు చేయించుకోబుద్ధి కాలేదు. చాచా షవ్వాల్ నెలలో మళ్లీ బండి తీశాడు. కొంచెం కుంటుతున్నాడు గానీ, తగ్గిపోతుందంటాడు. నేను అటు వెళ్లినప్పుడల్లా ఆయన దగ్గరే పండ్లు కొంటాను. మాఫ్ చేశానన్నాడు. చేశాడనే నమ్ముతున్నాను.

ఈసారి మీ ఇంట్లో ఎవరి చేతిలోనైనా కారుకి ఏదైనా తగిలితే, ప్రీమియం సంగతి మర్నాడు కాగితం మీద లెక్క వేసుకోండి. ఆ క్షణంలో మాత్రం మా అమ్మీ అడిగిందే అడగండి. అవతలి మనిషికి ఎలా ఉంది?

అల్లా మనందరినీ రోడ్డు మీద హిఫాజత్‌గా ఉంచుగాక. ఆమీన్.